ఐసీయూలో కొత్త స్టాఫ్: అప్రైజల్ ఫారంలో "ఓర్పు, అంకితభావం" బదులు ఏం చూడాలి?

ఇన్‌ఛార్జ్_సిస్టర్_గుంటూరు

అందరికీ నమస్కారం అండి. మాది మెడికల్ ఐసీయూ. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ అయ్యి నేరుగా డ్యూటీకి వచ్చే పిల్లలే ఎక్కువ. ప్రొబేషన్ ఆరు నెలలు. అది ముగిసేటప్పుడు హెచ్‌ఆర్ నుంచి ఒక ఫారం వస్తుంది. ఓర్పు, అంకితభావం, సేవాభావం, కమ్యూనికేషన్, గ్రూమింగ్ అని ఐదు గళ్లు, ఒక్కోదానికి 5 మార్కులు. అందరికీ 3 లేదా 4 వేసి సంతకం పెట్టడమే నడుస్తోంది. 5 వేస్తే ఇంక్రిమెంట్ అడుగుతారు, 2 వేస్తే అమ్మాయి మానేస్తుంది. ఆ కాగితం చూసి ఎవరు నిలబడతారో, ఎవరు నాలుగో నెలలో రిజైన్ పెడతారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు ఆ ఫారం మార్చుకోమన్నారు. అనుభవం ఉన్నవాళ్లని అడిగేది ఇదీ. ఐసీయూలో నిలదొక్కుకుని ఎదిగే స్టాఫ్‌లో నిజంగా ఏ గుణాలు ఉంటాయి? అవి డ్యూటీలో ఎక్కడ, ఏ పనిలో కంటికి కనిపిస్తాయి? నేర్పితే వస్తాయా, లేక ఇంటర్వ్యూలోనే ఏరుకోవాలా? ఇంకోటి, ఎవరితోనూ మాట్లాడకుండా తన పని తాను చేసుకుపోయే పిల్లని మంచి స్టాఫ్ అనుకోవాలా, కంగారు పడాలా?

నర్సింగ్ ఒక పవిత్ర వృత్తి లాంటి మాటలు దయచేసి వద్దు. నర్సెస్ డే నాడు ఎలాగూ వింటాం.

---

క్లినికల్_ఇన్‌స్ట్రక్టర్

మేడమ్, నన్నడిగితే ఆ ఐదు గళ్లూ కొట్టేసి మొదట రాయాల్సింది ఒక్కటే: తెలియనప్పుడు చెయ్యి ఆపి అడుగుతుందా? కొత్తవాళ్లలో పేషెంట్‌కి ప్రమాదం తెచ్చేది తెలియకపోవడం కాదండి, అది ఎలాగూ ఉంటుంది. తెలియదని బయటపడకుండా ఉండాలని తొందరగా చేసెయ్యడం, అదీ ప్రమాదం.

దీన్ని చూడటానికి ఇన్సులిన్ ఇన్‌ఫ్యూజన్ చాలు. "50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ 50 ఎంఎల్ నార్మల్ సెలైన్‌లో లోడ్ చెయ్యమ్మా" అని చెప్పి గమనించండి. మన దగ్గర రెండు రకాల వయల్స్ ఉంటాయి. ఒకటి ఎంఎల్‌కి 40 యూనిట్లది, ఇంకోటి ఎంఎల్‌కి 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ మూత సిరంజి 100 దానికి. 50 యూనిట్లంటే మొదటి వయల్‌లో 1.25 ఎంఎల్, రెండో దాంట్లో 0.5 ఎంఎల్. 40 దానికి అలవాటైన చెయ్యి 100 వయల్ నుంచి 1.25 లాగితే సిరంజిలోకి వెళ్లేది 125 యూనిట్లు. పంపు మీద గంటకి 4 ఎంఎల్ అని పెడితే గంటకి 4 యూనిట్లు వెళ్తున్నాయని అందరూ అనుకుంటారు, నిజానికి వెళ్లేది 10. ఇన్సులిన్ సిరంజి కనబడలేదని మామూలు 2 ఎంఎల్ సిరంజితో లాగే చోట ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

నిలబడే పిల్ల వయల్ చేతిలోకి తీసుకోగానే లేబుల్ చూసి "ఇది వందదా, నలభైదా మేడమ్?" అని పైకే అంటుంది. లోడ్ చేశాక వయల్ పడేయకుండా సిరంజి పక్కనే ఉంచి ఇంకొకరిని పిలుస్తుంది. ఇలా అడిగే పిల్లకే మా వార్డుల్లో "స్లో" అని పేరు పెడతారు, అదే విచిత్రం.

పొటాషియం క్లోరైడ్ కూడా అంతే. 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు. ఎప్పుడూ నేరుగా పుష్ చెయ్యకూడదు, డైల్యూట్ చేసి పంపు మీదే ఇవ్వాలి. చేతి నరంలో అయితే గంటకి 10 దాటకూడదు. అంతకంటే వేగంగా కావాలంటే సెంట్రల్ లైన్, మానిటర్ రెండూ ఉండాలి. డాక్టర్ ఆర్డర్‌లో "కేసీఎల్ 2 ఆంప్స్ ఐవీ" అని మాత్రమే ఉంటే, ఎంత సెలైన్‌లో, ఎంతసేపట్లో అని ఫోన్ చేసి అడిగే పిల్లకి ఒక గుణం ఉన్నట్టు. దాన్ని ధైర్యం అనండి, ఇంకేమన్నా అనండి, ఫారంలో రాయదగ్గది అదే.

నేర్పితే వస్తుందా అన్నారు. వస్తుంది, కానీ సగం పని మనదే. కొత్త స్టాఫ్ అడిగిన మొదటి పది ప్రశ్నలకి సీనియర్ ముఖం ఎలా పెట్టిందన్నదాన్ని బట్టే పదకొండో ప్రశ్న ఉంటుంది. "ఇది కూడా తెలీదా, ఏ కాలేజీ?" అని ఒకసారి అంటే చాలు, ఆ పిల్ల ఇక డాక్టర్నీ అడగదు, మిమ్మల్నీ అడగదు. పక్కన నిలబడ్డ ఇంకో కొత్త పిల్లని అడుగుతుంది. కాబట్టి సీనియర్లకి ఒక నియమం పెట్టండి. ముందు జవాబు చెప్పాలి, పని పూర్తి చేయించాలి. "ఎందుకో చదువుకుని రేపు చెప్పు" అన్నది ఆ తర్వాత. పేషెంట్ పక్కన వైవా పెట్టకూడదు.

ఇక కమ్యూనికేషన్ అన్న గడి. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవాళ్లకి 4, తెలుగులో మాట్లాడేవాళ్లకి 3 వేసే గడిగా అది ఎప్పుడో మారిపోయింది. దాని బదులు రాత్రి డ్యూటీ డాక్టర్‌కి చేసే ఫోన్ కాల్ వినండి. "సార్, బెడ్ 6 బాగోలేదు, ఒకసారి రండి" అంటే డాక్టర్ "వస్తున్నా" అని పడుకుంటాడు. ఎలా చెప్పాలో చూడండి: "డాక్టర్ గారూ, ఐసీయూ నుంచి ఫలానా సిస్టర్‌ని. బెడ్ 6, 62 ఏళ్లు, నిమోనియా, బరువు 60 కిలోలు. గంట క్రితం బీపీ 110/70, ఇప్పుడు 88/50, మీన్ 63. పల్స్ 124. గత 2 గంటల్లో యూరిన్ 30 ఎంఎల్. సెప్సిస్ ముదురుతోందేమో అనిపిస్తోంది. ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోపు లాక్టేట్ పంపనా?" ఇందులో ప్రతి అంకెకీ పని ఉంది. కిలోకి గంటకి అర ఎంఎల్ లెక్కన 2 గంటల్లో 60 రావాలి, సగమే వచ్చింది. మీన్, అంటే సగటు బీపీ, 65 కంటే కిందికి పోయింది. మాటలు తెలుగైనా, తెంగ్లిష్ అయినా నిద్రలో ఉన్న డాక్టర్ లేచి కూర్చుంటాడు.

ఫోన్ ఆర్డర్ తీసుకున్నాక తిరిగి చదివి వినిపించడం కూడా చూడండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా సార్?" అని అడిగిందంటే ఒక టిక్ పెట్టొచ్చు.

---

క్రిటికల్‌కేర్_డాక్టర్

పై పోస్టులో డాక్టర్ పడుకుంటాడన్న మాట మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది కానీ, కాదనలేను.

నేను చూసేది చార్టులో నిజాయితీ. ఏ ఐసీయూలోనైనా రాత్రి చార్టులు ఐదు తీసి రెస్పిరేటరీ రేటు వరుస చూడండి. 20, 20, 20, 20, 22, 20. మనిషన్నవాడు అలా ఊపిరి తీసుకోడు. మానిటర్ చూపే అంకె ఈసీజీ లీడ్ల కదలికని బట్టి వచ్చేది, పేషెంట్ కదిలినా దగ్గినా తప్పుతుంది. ఛాతీ వంక చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే, ఒక్క శ్వాస తేడా పడినా జవాబులో 4 మారుతుంది. పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని ముందే చెప్పే న్యూస్-2 స్కోరులో రేటు 12 నుంచి 20 వరకు సున్నా, 21 నుంచి 24 వరకు 2, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే 3. 20 కాడికి, 24 కాడికి తేడా ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. చాలామంది పేషెంట్లలో బీపీ పడటానికి కొన్ని గంటల ముందే రేటు పెరుగుతుంది. అందుకే ఎక్కువ అబద్ధాలు రాసే గడీ అదే, ఎక్కువ నష్టం చేసే గడీ అదే.

ఫారంలో ఇలా పెట్టొచ్చు: నెలకి మూడుసార్లు, చెప్పకుండా, ఆమె రాసిన రేటు పక్కన మీరు లెక్కపెట్టిన రేటు రాయండి. 2 లోపు తేడా అయితే సరే. చూడటం కుదరనప్పుడు గడి ఖాళీగా వదిలి "బెడ్ 3 సీపీఆర్‌లో ఉన్నాం" అని పక్కన రాసిందా, ఆ పిల్లని వదులుకోవద్దు. ఖాళీ గడికి తిట్టే ఇన్‌ఛార్జ్ దగ్గర మాత్రం అందరి పేషెంట్లూ 20 చొప్పునే ఊపిరి తీసుకుంటారు.

రెండోది, తప్పు జరిగాక ఏం చేస్తుందన్నది. తప్పు చెయ్యని నర్సూ లేదు, డాక్టరూ లేడు. పొరపాటు చేసిన వైద్య సిబ్బంది కూడా దెబ్బ తింటారని, వాళ్లని "రెండో బాధితులు" అని ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ వైద్యుడు 2000లో రాశాక ఆ మాట వాడుకలోకి వచ్చింది. నిద్ర పట్టకపోవడం, అదే మందు మళ్లీ ముట్టుకోవాలంటే చెయ్యి వణకడం, ప్రతిదీ నాలుగుసార్లు చూసుకోవడం, ఆఖరికి రిజైన్. మేడమ్ చెప్పిన నాలుగో నెల రాజీనామాల్లో కొన్నింటి వెనక ఇదే ఉంటుంది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మాత్రం "పెళ్లి కుదిరింది" అని రాస్తారు.

అలా జరిగినప్పుడు వరుస ఇదీ. ముందు పేషెంట్‌ని చూడాలి, ఇన్‌ఫ్యూజన్ ఆపాలి, వైటల్స్ తీసుకోవాలి, డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. కేస్ షీట్‌లో జరిగింది జరిగినట్టు టైముతో రాయాలి, అందులో "పొరపాటున", "క్షమించండి" లాంటివి ఉండకూడదు. ఇన్సిడెంట్ ఫారం వేరే నింపాలి, ఎవరి తప్పన్నది కాకుండా ఏ మెట్టు దగ్గర జారిందన్నది రాయాలి. పేషెంట్ తాలూకు వాళ్లకి చెప్పే బాధ్యత కన్సల్టెంట్‌ది, ఆ పిల్లని ఒంటరిగా ముందుకి తోయకూడదు. ఒక రోజు లోపల ఇన్‌ఛార్జ్ ఇరవై నిమిషాలు తలుపు వేసుకుని ఆమెతో కూర్చోవాలి. తర్వాతి డ్యూటీ అదే ఐసీయూలో, ఒక సీనియర్‌ని పక్కన పెట్టి వెయ్యాలి. శిక్షగా జనరల్ వార్డుకి పంపితే మిగతా అందరూ నేర్చుకునేది ఒక్కటే, దాచిపెట్టాలని.

ఇక మీ ఆఖరి ప్రశ్న, మాట్లాడని పిల్ల. మౌనాన్ని బట్టి ఏమీ తేల్చలేం. రౌండ్స్‌లో ఆమె పేషెంట్ గురించి నేరుగా అడగండి: "రాత్రి ఈయనలో ఏం మారింది?" తక్కువ మాటల్లోనే "తెల్లవారుజామున 4 నుంచి సెక్రిషన్స్ చిక్కబడ్డాయి, ఎఫ్ఐఓ2 (ఇచ్చే ఆక్సిజన్ శాతం) 40 నుంచి 50కి పెంచాల్సి వచ్చింది" అంటే ఆ మౌనంతో ఇబ్బంది లేదు. "అంతా స్టేబుల్ సార్" అని ప్రతిరోజూ అంటే మాత్రం దగ్గరకి వెళ్లి చూడాలి. స్టేబుల్ అన్నది ఐసీయూలో చాలా విషయాల మీద కప్పే దుప్పటి.

---

నిమ్స్_దగ్గర_టీకొట్టు

మంచిగ చెప్పిన్రు అందరు. కానీ ఒక మాట అడుగుతా. గుణాలు, గుణాలు అంటున్నం గద, ఒక స్టాఫ్‌కి ఎన్ని బెడ్లు ఇస్తున్నరు?

ఐసీయూలో ప్రతి షిఫ్టులో బెడ్డుకొక నర్సు, పైన 30 శాతం లీవ్ రిజర్వ్ అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నార్మ్స్ చెప్తయి. చాలా ప్రైవేట్ ఐసీయూలల్ల ఒకరికి ముగ్గురు, రాత్రి నలుగురు. అందుల ఇద్దరు వెంటిలేటర్ మీద. అట్లాంటి చోట నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టమంటే ఎవరు లెక్కపెడ్తరు? 2016ల సుప్రీంకోర్టు ఆర్డర్ మీద కేంద్రం వేసిన కమిటీ 50 బెడ్ల లోపు దవాఖానల్ల గూడ నెలకి 20,000కి తక్కువ ఇయ్యొద్దని సిఫార్సు చేసింది. ఇప్పటికీ దానికన్నా తక్కువకి చేసేటోళ్లు మస్తు మంది ఉన్నరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లోపల పెట్టుకునే యాజమాన్యాల సంగతి సరే సరి.

ఫారంలో అమ్మాయి పేరు పక్కన ఇంకో గడి పెట్టున్రి మేడమ్: ఈ ఆరు నెలలల్ల ఎన్ని షిఫ్టులల్ల ఇద్దరికి మించి పేషెంట్లు ఇచ్చినం? ఎన్ని డబుల్ డ్యూటీలు? ఎన్ని వీక్లీ ఆఫ్‌లు క్యాన్సిల్ చేసినం? ఆ అంకె లేకుండ అమ్మాయి గుణానికి మార్కులు వేసుడు న్యాయం గాదు. పని తెలిసిన పిల్ల, ఆత్మాభిమానం ఉన్న పిల్ల ఆ చోటు నుంచి అందరికన్న ముందు పోతది. మీరు నిలబడలేదు అని రాసుకునేది ఆమెనే.

నైట్ డ్యూటీ గురించి గూడ చెప్తా. ఓర్పు అని రాస్తరు గద, అందుల సగం నిద్ర సంగతే.

తెల్లారగట్ల 3 నుంచి 5 దాక ఒంటికి మత్తు ఎక్కువ. మందుల లెక్కలల్ల తప్పులు పడేది, సూది చేతికి గుచ్చుకునేది అప్పుడే. లెక్క చెయ్యాల్సిన ఇన్‌ఫ్యూజన్లు 2 లోపల లోడ్ చేసి పెట్టుకోవాలె, ఇంకొకరితోటి చెక్ చేయించుకోవాలె. పక్కామె బెడ్లు చూస్తనంటే 15, 20 నిమిషాలు కునుకు తియ్యాలె. అంతకన్న ఎక్కువ పడుకుంటే లేచినంక ఇంకా మబ్బుగ ఉంటది, వెంటనే మందు ముట్టుకోవద్దు. టీ, కాఫీ 2 తర్వాత బంద్. కెఫీన్ సగం దిగనీకే దగ్గర దగ్గర 5 గంటలు పడ్తది, తాగితే పొద్దుగాల ఇంటికి పోయినంక కన్ను మూతపడదు. డ్యూటీ దిగినంక స్కూటీ మీద ఒక్కతే పోయే పిల్లలని చూసుకోవాలె. హాస్పిటల్ బండి లేకపోతే ఇద్దరిద్దరు కలిసి ఆటోల పొమ్మనున్రి.

రోస్టర్ వేసేటోళ్లకి: మార్నింగ్ నుంచి ఈవినింగ్, ఈవినింగ్ నుంచి నైట్, ఇట్ల ముందుకి తిప్పున్రి. నైట్ నుంచి వెనక్కి మార్నింగ్‌కి తిప్పితే ఒళ్లు పట్టుకోదు. వరుసగ మూడు, నాలుగు నైట్లకన్న ఎక్కువ వద్దు. వారం నైట్స్, పది రోజుల నైట్స్ వేసేటోళ్లు ఓర్పు గురించి మాట్లాడొద్దు.

సూది గుచ్చుకున్నా అంతే. గుచ్చుకున్న సంగతి చెప్పుడే ఒక గుణం. దాచిపెట్టేటోళ్లు చాలా మంది, తిడ్తరని భయం. సబ్బు నీళ్లతోటి కడగాలె, పిండొద్దు. వెంటనే చెప్పాలె. హెచ్ఐవీ మందులు అవసరమైతే గంటలల్లనే మొదలు పెట్టాలె, 72 గంటలు దాటితే లాభం లేదు, మొదలు పెడితే 28 రోజులు వాడాలె. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకి మూడు డోసులు. మూడోది అయిన ఒకటి రెండు నెలలకి టైటర్ (టీకా పట్టిందా లేదా చెప్పే రక్తపరీక్ష) చూసుకోవాలె, 10కి పైన ఉండాలె. మీ స్టాఫ్‌ల ఎంత మందికి టైటర్ తెలుసో అడుగున్రి ఒకసారి.

---

ఇన్‌ఛార్జ్_సిస్టర్_గుంటూరు

అన్నా, మీరన్న గడి పెడతాను. హెచ్‌ఆర్ ఒప్పుకుంటుందో లేదో గానీ, డ్రాఫ్ట్‌లో మాత్రం పెడతాను. డబుల్ డ్యూటీల రిజిస్టర్ మా దగ్గర ఉంది కాబట్టి అంకె తియ్యడం కష్టమేం కాదు.

డాక్టర్ గారూ, చార్టు సంగతి బాగా చెప్పారు. ఇంకో రెండు విషయాలున్నాయి. పేషెంట్ తాలూకు వాళ్ల అరుపులకి పిల్లలు బెదిరిపోతున్నారు. మొదటి మరణం చూశాక రెండు రోజులు సెలవు పెట్టి, మళ్లీ రానివాళ్లు ఉన్నారు. అది మనసు గట్టిదా కాదా అన్న విషయమేనా? రెండోది, ఎదగడం. బాగా పనిచేసే పిల్లలే విదేశాలకి వెళ్లడానికి ఓఈటీ (వైద్య సిబ్బంది రాసే ఇంగ్లిష్ పరీక్ష), జర్మన్ క్లాసులంటున్నారు. వెళ్లిపోయేవాళ్లకి నేర్పి ఏం లాభం అని పై నుంచి అడుగుతున్నారు.

---

నర్సింగ్_ట్యూటర్_కర్నూలు

రెండో ప్రశ్న ముందు తీసుకుంటానండి, పై వాళ్ల మాటకి జవాబు కావాలి కాబట్టి.

నర్సు నైపుణ్యంలో ఐదు మెట్లని పాట్రీషియా బెన్నర్ 1980ల్లో చెప్పారు, కాలేజీలో మనమంతా చదివిందే. అప్పుడే చేరిన పిల్ల నియమం ప్రకారం నడుస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని తనే తేల్చుకునే స్థాయికి రావడానికి ఒకే రకం పేషెంట్ల మధ్య రెండు మూడేళ్లు పడుతుంది. మరి కొన్ని చోట్ల ఆరు నెలల ఫారంలో "స్వతంత్రంగా పనిచేస్తుంది" అన్న గడి పెడతారు, ఎందుకు? ఆ గడి వల్లే పిల్లలు తెలిసినట్టు నటిస్తారు. ఆరు నెలలకి చూడాల్సింది, "ఈ ముగ్గురిలో ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు, ఎందుకు?" అంటే కారణం చెప్పగలదా అని. తప్పు కారణమైనా సరే, కారణమంటూ ఉండాలి.

ఎదిగే పిల్లని పట్టించేది "ఎందుకు" అన్న మాట. వెంటిలేటర్ ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ (కఫ్) ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచాలని అందరూ బట్టీ పడతారు. 30 దాటితే శ్వాసనాళం గోడకి రక్తం ఆడక పుండు పడుతుందని, 20కి తగ్గితే నోట్లో స్రావాలు పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారతాయని తెలిసిన పిల్లకి ఆ అంకె మరిచిపోవడం కష్టం. అలాంటి పిల్ల పొజిషన్ మార్చిన తర్వాత చెప్పకుండానే మళ్లీ కొలుస్తుంది. కొలవకుండా వేలితో పైలట్ బెలూన్ (కఫ్‌కి కలిపి బయట ఉండే చిన్న బుడగ) నొక్కి "సరిపోయింది" అనే సీనియర్‌ని చూసి నేర్చుకోదు.

దీనికి ఒక పాకెట్ నోట్‌బుక్ పెట్టించండి. వారానికి ఒక్క పేషెంట్ చాలు, ఒక పేజీ. ఎందుకు చేరారు, ఏ మందు ఏ డోసు, ఎందుకు ఆ మందు, దాని మీద ఏం కనిపెట్టాలి, అర్థం కానిది ఏది. పేర్లు, ఐపీ నంబర్లు రాయకూడదు. శనివారం పది నిమిషాలు సీనియర్ ఆ "అర్థం కానిది" ఒక్కటే మాట్లాడాలి. రోజుకో కేసు రాయమంటే రెండో వారానికే కాపీ కొట్టడం మొదలవుతుంది, అది అడగొద్దు.

ఇక విదేశాల సంగతి. అమెరికాలో నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి మారింది. 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు. ఇప్పుడు అందులో ఒక పేషెంట్ పరిస్థితి ఇచ్చి, ఏ గుర్తు ముఖ్యం, ఏం చేస్తావు, చేశాక ఫలించిందని ఎలా తెలుస్తుంది అని వరుసగా అడుగుతారు. ఓఈటీ స్పీకింగ్‌లో కంగారు పడుతున్న రోగితోనో, కోపంగా ఉన్న బంధువుతోనో మాట్లాడాలి. జర్మన్ క్లాసులకి తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థే పంపుతోంది, దొంగతనంగా చేసే పనేం కాదు. వీటికి చదివే పిల్ల ఉన్నన్నాళ్లూ మీ వార్డులో మెరుగ్గానే పనిచేస్తుంది. అడ్డుపెడితే చదవడం మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. ఆఖరి నెలలో నోటీసు ఒక్కటే కనబడుతుంది.

ఇక్కడే ఉండేవాళ్లకీ దారులున్నాయని ఎంతమంది ఇన్‌ఛార్జ్‌లు చెబుతున్నారు? జీఎన్‌ఎం వాళ్లకి పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. బీఎస్సీ వాళ్లకి ఎమ్మెస్సీ, లేదా క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీ రెండేళ్లు. ఎయిమ్స్ కొలువులకి నార్సెట్ అనే పరీక్ష. గుండె ఆగినప్పుడు చేసే చికిత్సలో శిక్షణకి ఇచ్చే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులు రెండేళ్లకి ఎక్స్‌పైర్ అవుతాయి, ఎవరివి ఎప్పుడో నోటీస్ బోర్డు మీద పెట్టండి. ప్రొబేషన్ చివర్లో "రెండేళ్ల తర్వాత ఏం చెయ్యాలనుకుంటున్నావు?" అని అడగడానికి ఫారంలో చోటుండాలి, మార్కులు లేకుండా.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మనసు గట్టిదవ్వడం అంటే ఏమీ పట్టకపోవడం అనుకుంటే అది కుదరదు. అలా అయిపోయిన సీనియర్లు మీకూ తెలుసు. పేషెంట్‌ని "బెడ్ 4 నిమోనియా" అని తప్ప పిలవరు. అది గట్టిదనం కాదు, అలసట ముదిరిన దశ.

మరణం దగ్గర పని పంచాలి. మొదటిసారి చూస్తున్న పిల్లకి చేతిలో ఒక పని పెట్టండి. లైన్లు తియ్యడం, కళ్లు మూయడం, శుభ్రం చెయ్యడం, బట్ట కప్పడం సీనియర్‌తో కలిసి చేస్తే మనసుకి పట్టు దొరుకుతుంది. మూల నిలబడి చూసినవాళ్లకే ఎక్కువ దెబ్బ. అయ్యాక ఐదు నిమిషాలు, సీపీఆర్‌లో ఉన్న అందరూ: ఏం జరిగింది, ఏది బాగా జరిగింది, ఏం మారాలి. "ఎలా ఉంది నీకు?" అన్నది అందరి ముందు కాకుండా తర్వాత పక్కకి పిలిచి అడగాలి. అదే డ్యూటీలో ఇంకో సీరియస్ అడ్మిషన్ ఆమెకి వెయ్యొద్దు. రెండు రోజుల సెలవు తర్వాత రాని పిల్లకి మూడో రోజు మీరే ఫోన్ చెయ్యాలి, హెచ్‌ఆర్ కాదు.

బంధువుల విషయంలో ముందు టైము ఖాయం చెయ్యండి. పొద్దున 11కి, సాయంత్రం 5కి డాక్టర్ మాట్లాడతారని బోర్డు మీద రాసి, ఆ టైముకి నిజంగా డాక్టర్ వస్తే అరుపులు చాలావరకు తగ్గుతాయి. కొత్త పిల్లకి ఏది తన మాటో, ఏది కాదో తెలియాలి. "అమ్మగారు రాత్రి కాస్త నిద్రపోయారు, జ్వరం 101 ఉంది, మందు ఇచ్చాం" అనేది ఆమె చెప్పొచ్చు. "బతుకుతారా?" అంటే, "అది డాక్టర్ గారే చెప్పాలండి. 5కి వస్తారు, మీతో పాటు నేనూ ఉంటాను" అనాలి. "నాకేం తెలీదు, డాక్టర్‌ని అడగండి" అంటే అక్కడే గొడవ మొదలవుతుంది. గొంతు పెరిగిన మనిషి ముందు తలుపుకి దగ్గరగా, ఒక చెయ్యి దూరంలో నిలబడాలి, ఒంటరిగా గదిలోకి పిలవకూడదు. చెయ్యి లేస్తే సెక్యూరిటీ, ఆ తర్వాత ఫిర్యాదు. వైద్య సిబ్బంది మీద దాడులకి మన దగ్గర 2008లో వచ్చిన చట్టం నర్సులకీ, నర్సింగ్ విద్యార్థులకీ వర్తిస్తుంది. ఫిర్యాదు హాస్పిటల్ పేరున వెళ్లాలి, ఇరవై రెండేళ్ల పిల్ల పేరున కాదు.

---

క్రిటికల్‌కేర్_డాక్టర్

ట్యూటర్ గారి మాటకి ఒక చేర్పు. లాభం లేదని అందరికీ తెలిసినా, బంధువులు వద్దనలేక, మేము ఆపలేక సాగే చికిత్సలు ఐసీయూలో ఉంటాయి. రోజుల తరబడి ఆ శరీరాన్ని తిప్పేది, తుడిచేది, నోరు కడిగేది నర్సు. "ఇది ఆయనకి బాధే కదా సార్" అని అడిగిన స్టాఫ్‌ని భావోద్వేగం ఎక్కువని ఫారంలో రాయకండి. ఫ్యామిలీ మీటింగ్‌కి ఆమెని కూర్చోబెట్టండి. పేషెంట్ మూలిగింది, కన్నీళ్లు వచ్చింది మాకంటే ఆమే చూసి ఉంటుంది.

---

కొత్తస్టాఫ్_ఏలూరు

మేడమ్, నేను చేరి కొద్ది నెలలే. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా వార్డులో ఐవీ కాన్యులా ఒక్క పోటుకి పెట్టే అక్కకి చాలా పేరు. నాకు రెండు మూడుసార్లు పడుతుంది. ఇది కూడా ఫారంలో ఉంటుందా?

---

క్లినికల్_ఇన్‌స్ట్రక్టర్

ఉండాల్సింది సక్సెస్ రేటు కాదమ్మా, ఎక్కడ ఆపుతావన్నది. రెండు పోట్లకి దొరక్కపోతే ఇంకొకర్ని పిలవాలి. మూడోది, నాలుగోది నువ్వే పొడిస్తే నరాలు పాడవుతాయి, తర్వాత వచ్చినవాళ్లకి కూడా చోటు మిగలదు. చెయ్యి గుండె కంటే కిందికి వేలాడదియ్యి, గోరువెచ్చని గుడ్డ నాలుగైదు నిమిషాలు ఉంచు, టూర్నికెట్ నిమిషం దాటి కట్టి ఉంచొద్దు. ముంజేయి మీద వంకర లేకుండా తిన్నగా ఉన్న నరం చూసుకో, మణికట్టు మడత దగ్గర వద్దు. 20 గేజ్ చాలేచోట అంతకంటే లావైన 18 కోసం పట్టుబట్టకు. సూది 15 నుంచి 25 డిగ్రీల వాలులో పెట్టు. రక్తం కనబడగానే ఇంకో రెండు మిల్లీమీటర్లు ముందుకి పోనిచ్చి, అప్పుడు కాన్యులా జార్చు. కొత్తవాళ్లకి ఎక్కువగా తప్పేది అక్కడే, ఫ్లాష్ రాగానే సూది వెనక్కి లాగేస్తారు.

---

ఇన్‌ఛార్జ్_సిస్టర్_గుంటూరు

అందరికీ థ్యాంక్స్ అండి. మార్కులు తీసేస్తున్నాను. ప్రతి గడిలో అవును లేదా కాదు, ఏ తేదీన, ఎవరు చూశారు, అంతే. రెండో వారం, ఆరో వారం, మూడో నెల, ఆరో నెల అని నాలుగుసార్లు నింపాలనుకుంటున్నా. అమ్మాయి చదివి సంతకం పెట్టాలి, తన మాట రాసుకోవడానికి కింద చోటుంటుంది. ఒక్క సందేహం: రెండో వారంలోనే "కాదు" అని చూస్తే పిల్ల భయపడదా?

---

నర్సింగ్_ట్యూటర్_కర్నూలు

రెండో వారంలో "కాదు" బదులు "ఇంకా చూడలేదు" అని మూడో గడి పెట్టండి మేడమ్. అప్పటికి ఆమెకి ఇన్సులిన్ పంపు లోడ్ చేసే అవకాశమే వచ్చి ఉండకపోవచ్చు. ఆరో వారానికి కూడా అదే "ఇంకా చూడలేదు" ఉంటే మాత్రం, ఆ అవకాశం ఇవ్వాల్సిన సీనియర్ ఎవరో ఆ పేరు పక్కన రాయండి.